తండ్రి గడ్డకు కెమెరాతో తిరిగొచ్చిన కుమారస్వామి

చీరాల-పేరాల సత్యాగ్రహ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు బాపట్ల జిల్లాలో తెలియనివారు అరుదు. అయితే 1917లో అమెరికాలో అచ్చయిన ఒక నాట్యశాస్త్ర గ్రంథం మీద ఆయన పేరు ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ పేరు పక్కనే ఉన్న రెండో పేరు ఆనంద కుమారస్వామిది. సిలోన్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, పాతికేళ్ళ వయసులో తండ్రి పుట్టిన దేశానికి తిరిగివచ్చి, అక్కడి కంసాలులను, నేతగాళ్ళను, కుమ్మర్లను, చిత్రకారులను పుస్తకానికెక్కించిన మనిషి ఆయన. చేతిపనివారి గురించి అంత శ్రద్ధగా రాసినవారు ఆ రోజుల్లో మన దేశంలోనూ కొద్దిమందే.

హరిశ్చంద్రుని కథ రాసిన తండ్రి

ఆనంద కెంటిష్ కుమారస్వామి 1877 ఆగస్టు 22న కొలంబోలో జన్మించారు. సిలోన్ అని అప్పట్లో పిలిచిన ఆ దేశమే నేటి శ్రీలంక. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళ హిందువు, పేరుమోసిన న్యాయవాది, సిలోన్ శాసనసభ సభ్యుడు. లండన్‌లో బారిష్టరు పట్టా పుచ్చుకున్న తొలి హిందువుగా ఆయన పేరు పొందారు. మన పల్లెల్లో రాత్రంతా మేలుకొని చూసే సత్యహరిశ్చంద్ర కథను తమిళ నాటకం నుంచి ఇంగ్లీషులోకి తర్జుమా చేసి 1863లో లండన్‌లో అచ్చువేయించారు. సిలోన్ రాజకీయాల్లో పెద్ద నాయకులైన పొన్నంబలం రామనాథన్, అరుణాచలం సోదరులు ఆయన మేనల్లుళ్ళు.

తల్లి ఎలిజబెత్ బీబీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు ఆడపడుచు. కుమారస్వామి పేరు మధ్యనున్న కెంటిష్ అనే మాట ఆ ఊరి గుర్తే. పిల్లవానికి రెండేళ్ళు నిండకముందే తల్లి బిడ్డనెత్తుకుని పుట్టింటి దేశానికి వెళ్ళారు. వెనకాలే రావలసిన తండ్రి 1879లో, ఓడ ఎక్కవలసిన రోజునే కన్నుమూశారు. అలా ఆ బిడ్డ తండ్రిని ఎరుగకుండా, తండ్రి బంధువులను ఎరుగకుండా ఇంగ్లీషు ఇంట పెరిగాడు. గ్లాస్టర్‌షైర్‌లోని విక్లిఫ్ కళాశాలలో, తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి 1900లో పట్టభద్రుడయ్యాడు. చదివింది భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం. కళలకూ ఆ చదువుకూ పైకి సంబంధమేమీ లేదు.

రాళ్ళు వెదకబోయి మనుషులను చూశారు

1902లో ఎథెల్ మేరీ పార్ట్రిడ్జ్ అనే యువతిని ఆయన వివాహమాడారు. 1903లో సిలోన్ ఖనిజ సర్వేకు డైరెక్టరుగా ఉద్యోగం దొరికి, భార్యతో కలిసి తండ్రి దేశంలో అడుగుపెట్టారు. ప్రభుత్వం అప్పగించిన పని ఎక్కడ ఏ ఖనిజం ఉన్నదో వెదకి నివేదిక ఇవ్వడం. ఆ పనిలో ఆయన గట్టివాడే. 1904లో థోరియనైట్ అనే అరుదైన ఖనిజాన్ని గుర్తించారు. థోరియం, యురేనియం ఉండే బరువైన నల్లని ఖనిజమది. సిలోన్ భూగర్భ పరిశోధనలకే 1906లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరు పట్టం ఇచ్చింది.

కాని సర్వే పని కచేరీలో కుర్చీ వేసుకు కూర్చుంటే జరిగేది కాదు. కొండలెక్కాలి, అడవి దారిలో పోవాలి, ఊరూరా మకాం వేయాలి. ఆ తిరుగుడులో ఆయన కంటపడింది కాండీ సీమ. కొండల నడుమనున్న ఈ రాజ్యం 1815 దాకా తెల్లవారికి లొంగలేదు. 1739 నుంచి చివరిదాకా దాన్ని ఏలిన నాయక్కర్ రాజులు మధుర వైపు నుంచి వెళ్ళిన తెలుగు మూలాలవారు కావడం విశేషం.

కుమారస్వామి వెళ్ళేనాటికి రాజ్యం పోయి దాదాపు తొంభై ఏళ్ళయింది. రాజు పోయినా రాజు కాలపు పనితనం కొన్ని ఊళ్ళలో కొనఊపిరితో మిగిలి ఉంది. బలంగొడ ప్రాంతంలో రాతిఖనిజాన్ని బొగ్గుతో మట్టి కొలిమిలో కరిగించి ఇనుము, ఉక్కు తీసే ముసలి పనివారు కొద్దిమంది కనిపించారు. బజారులో సీమ ఇనుము చవగ్గా దొరుకుతున్నందువల్ల వారి కొలిములు చల్లారిపోయాయి. కుమారస్వామి వారి చేత మళ్ళీ పని చేయించి చూసి, కొలిమి కొలతలు, తిత్తులు ఊదే తీరు, ఉక్కు వచ్చే క్రమం రాసి పెట్టారు. ఆ వయసు మళ్ళినవారు పోతే ఆ విద్య తెలిసినవారుండరని ఆయనకు అర్థమైంది. రాళ్ళ డైరెక్టరు మనసు అక్కడే మనుషుల వైపు మళ్ళింది.

ఎథెల్ చేతిలో కెమెరా

ఈ పనిలో సగం భారం మోసింది భార్య ఎథెల్. ఆనాటి కెమెరా జేబులో పట్టేది కాదు. మూడుకాళ్ళ పీట మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, గాజుపలక మీద బొమ్మ పట్టాలి. పలక పగిలితే పని వృథా. అటువంటి సరంజామాతో ఆమె కాండీ పల్లెలు తిరిగారు. కుమారస్వామి సిలోన్ గ్రంథంలోని ఛాయాచిత్రాలలో ఎక్కువ భాగం ఆమె తీసినవే. అట్ట మీద భర్త పేరే ఉన్నందున చాలాకాలం ఆమె శ్రమ మరుగున పడిపోయింది.

ఆ రోజుల్లో సిలోన్ బొమ్మలు తీసే దొరలు లేకపోలేదు. కొబ్బరిచెట్ల సముద్రతీరం, తేయాకు తోట, ఏనుగు, నగలు పెట్టుకున్న స్త్రీ, ఇవే వారికి కావలసినవి. పోస్టుకార్డులుగా ఓడరేవులో అమ్ముడుపోయేవి. కుమారస్వామి దంపతుల పని వేరు. వారికి కావలసింది పనివాడు, వాని చేతిలోని పనిముట్టు, ముందున్న పని. నేతగత్తె మగ్గం ముందు కూర్చున్న తీరు, కుమ్మరి సారె, కంసాలి కుంపటి, లక్కపనివాడు గోటితో లక్కదారం తీసే పద్ధతి వారి లెక్కలోకి వచ్చాయి. బొమ్మతోపాటు వివరం రాసుకున్నారు. పనిముట్టుకు ఊళ్ళో ఏమంటారు, రంగు ఏ చెట్టు బెరడు నుంచి వస్తుంది, పని ఎవరు చేయిస్తారు, ప్రతిఫలం ధాన్యమా, డబ్బా, పొలమా అని అడిగారు.

పొలం ఇచ్చి పని చేయించుకున్న కాలం

ఆ ప్రశ్నల వల్లే అసలు సంగతి బయటపడింది. కాండీ రాజుల కాలంలో పనివాడు బజారులో సరుకు పెట్టుకుని అమ్ముకునేవాడు కాదు. రాజుగాని, బౌద్ధ విహారంగాని అతనికి పొలం ఇచ్చేవి. ఆ పొలం దున్నుకుని బతుకుతూ, బదులుగా ఏడాదికి ఇన్ని రోజులని తన పని చేసిపెట్టాలి. మన ఊళ్ళలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి వృత్తులవారికి మాన్యాలు ఉండేవే, దాదాపు అటువంటిది. తిండికి కరువు లేదు గనుక ఒక తలుపు చెక్కడానికి ఎన్ని నెలలు పట్టినా తొందర ఉండేది కాదు. పనితనం అందువల్లనే నిలిచిందని కుమారస్వామి తేల్చారు.

ఇంగ్లీషు ప్రభుత్వం 1832లో రాజుకు చేసే వెట్టిసేవను రద్దు చేసింది. బలవంతపు చాకిరీ పోవడం మంచిదే. కాని దానితోపాటు పనివానికి పని చెప్పే పెద్ద ఇల్లు కూడా పోయింది. కొండసీమలో కాఫీ తోటలు, తర్వాత తేయాకు తోటలు వచ్చాయి. మాంచెస్టరు మరగుడ్డ, రసాయన రంగు, రేకు గిన్నె సంతలోకి దిగాయి. సొంత దొరలూ దొరసానులూ సీమగుడ్డ కట్టడం మొదలుపెట్టాక ఊరి నేతగాని ముఖం చూసేవారు లేకపోయారు. నేతగాని కొడుకు కూలికి పోయాడు. మగ్గం ఎలా పోతుందో చెప్పే ఈ వరస చేనేత ఊళ్ళలో పెద్దలెవరికీ కొత్త కాదు.

విగ్రహానికి కళ్ళు దిద్దే తంతును కూడా ఆయన వివరంగా రాశారు. బుద్ధ విగ్రహం అంతా పూర్తయినా కళ్ళు దిద్దేదాకా అది రాయి, మట్టితో సమానమే. ముహూర్తం చూసి, చిత్రకారుడు విగ్రహానికి ఎదురుగా నిలబడకుండా అద్దంలో చూస్తూ కళ్ళు దిద్దుతాడు. మన శిల్పులు చేసే నేత్రోన్మీలనం వంటిదే ఇది. ఆ ఘడియలో ఊరంతటికీ పెద్ద ఆ చిత్రకారుడే. ఒకనాడు ఇంత గౌరవం పొందిన మనిషి తన రోజుల్లో పూట గడవక తిరగడం కుమారస్వామిని బాధించింది.

1905లో ఆయన కాండీ పెద్దలకు ఒక బహిరంగ లేఖ రాశారు. విహారాల్లోని పాత చిత్రాల మీద సున్నం, చవక రంగులు పూయించవద్దని, పాత కట్టడాలను కాపాడాలని అందులో కోరారు. సిలోన్ సంఘ సంస్కరణ సభ అనే సంస్థకు అధ్యక్షుడై, దేశభాషల్లో చదువు చెప్పాలని, సొంత కట్టుబొట్టు వదలవద్దని ప్రచారం చేశారు. ఇంగ్లీషు తల్లికి పుట్టి, ఇంగ్లీషు బడిలో చదివినవాడు ఈ మాట చెప్పడం అక్కడి చదువుకున్నవారికి వింతగా తోచింది. ఊళ్ళోనే ఉన్నవారు రోజూ చూస్తూ చూడనిది, దూరం నుంచి వచ్చిన వానికి కనపడింది.

పదిహేను నెలలు అచ్చయిన పుస్తకం

1907లో దంపతులు ఇంగ్లండుకు తిరిగివెళ్ళి బ్రాడ్ కాంప్డెన్ అనే పల్లెలో పాత ప్రార్థనామందిరాన్ని బాగుచేయించుకుని కాపురం పెట్టారు. విలియం మారిస్ అనే చేతిపనుల ఉద్యమ నాయకుడు వాడిన చేతి అచ్చుయంత్రం వారికి దొరికింది. దాని మీద మధ్యయుగ సింహళ కళ అనే పెద్ద గ్రంథాన్ని అచ్చువేశారు. 1907 సెప్టెంబరులో మొదలైన అచ్చు 1908 డిసెంబరులో ముగిసింది. వేసింది 425 ప్రతులు మాత్రమే. చేతిపని గురించిన పుస్తకం చేతిపనిగానే రావాలన్నది వారి పట్టుదల.

ఆ తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. ఎథెల్ జీవితం మరో మలుపు తిరిగింది. ఆమె మగ్గం ముందు కూర్చుంది. నూలు వడకడం, చెట్ల రంగులు అద్దడం నేర్చి, 1916లో చెట్ల రంగుల మీద ఒక పుస్తకం రాసింది. మళ్ళీ పెళ్ళాడి ఎథెల్ మైరే పేరుతో ఇంగ్లండులో చేనేతకు ప్రాణం పోసిన నేతగత్తెగా పేరు గడించింది. డిచ్లింగ్ అనే ఊరిలో ఆమె నేతశాలకు ఎందరో వచ్చి పని నేర్చుకుని వెళ్ళారు. ఆమె 1952లో మరణించింది.

కాశీలో కట్టని మ్యూజియం

1909 నుంచి కుమారస్వామి భారతదేశమంతటా తిరిగారు. కలకత్తాలో రవీంద్రనాథ ఠాగూరు కుటుంబానికి ఆప్తుడయ్యారు. భారతీయ పనివాడు అనే పుస్తకాన్ని 1909లో, కళ-స్వదేశీ అనే పుస్తకాన్ని 1912లో వెలువరించారు. విదేశీ గుడ్డను తగలబెట్టడంతో స్వదేశీ పూర్తి కాదని, సీమ మరను తెచ్చి మన ఊళ్ళో పెట్టి నాసిరకం సరుకు చేస్తే నేతగానికి ఒరిగేదేమీ లేదని ఆయన వాదన.

రాజస్థాన్‌లో, పంజాబు కొండ సంస్థానాల్లో ఎవరూ పట్టించుకోని పాత చిత్రాలను కొని పోగుచేశారు. ఆ రాజపుత్ర చిత్రాలు మొగలు చిత్రాల కంటే వేరని నిరూపిస్తూ 1916లో గ్రంథం ప్రచురించారు. తన సేకరణ మొత్తాన్ని దేశానికి ఇచ్చేస్తానని, కాశీలో ఒక జాతీయ మ్యూజియం కడితే చాలునని ఆయన ముందుకొచ్చారు. డబ్బు పెట్టేవారు దొరకలేదు. సంస్థానాధీశులు కదల్లేదు, ధనవంతులు పలకలేదు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. భారతీయులకు స్వాతంత్ర్యం లేనప్పుడు బ్రిటిష్ సైన్యంలో చేరేది లేదని కుమారస్వామి నిరాకరించారు. అమెరికాలోని బోస్టన్ మ్యూజియం 1917లో ఆయనను ఉద్యోగంలోకి తీసుకుంది. అక్కడి ధనికుడు డెన్మన్ రాస్ ఆ సేకరణను కొని మ్యూజియానికి ఇచ్చాడు. కాశీలో ఉండవలసిన బొమ్మలు సముద్రాలు దాటి బోస్టన్ చేరాయి.

దుగ్గిరాలతో పరిచయం

ఆ సంవత్సరమే గోపాలకృష్ణయ్యతో కలిసి చేసిన పుస్తకం బయటకు వచ్చింది. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన గోపాలకృష్ణయ్య, బాపట్ల తాలూకా కచేరీలో చిన్న ఉద్యోగం చేసి, మిత్రుని తోడుతో 1911లో స్కాట్లండులోని ఎడింబరోకు ఎం.ఏ. చదవడానికి వెళ్ళారు. సంస్కృతం, సంగీతం, నాటకం అంటే ఆయనకు ప్రాణం. అక్కడున్నప్పుడే కుమారస్వామితో పరిచయమైంది. నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి అనువదించారు. ఏ భావానికి చెయ్యి ఎలా పట్టాలి, చూపు ఎటు సాగాలి అని చెప్పే గ్రంథమది. మన కూచిపూడివారికీ అది ప్రమాణమే. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1917లో బొమ్మలతో దాన్ని ప్రచురించింది. పండితుడైన పెద్దవాడు పడుచువాని పేరును తన పేరు పక్కన సమానంగా వేయించారు.

గోపాలకృష్ణయ్య అంతకుముందే స్వదేశం తిరిగివచ్చి, బందరు జాతీయ కళాశాలలో కొంతకాలం పనిచేసి, చివరకు చీరాల చేరారు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు ఆ భారం పడింది ఎక్కువగా నేతపనివారి మీద, పేదల మీద. 1921లో వేలాదిమంది ఇళ్ళు విడిచి ఊరి బయట రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని పదకొండు నెలలు గడిపారు. రామదండు క్రమశిక్షణ, పాటలు, పద్యాలు, జానపద కళలు ఆ ఉద్యమానికి ఊపిరిగా నిలిచాయి. పనివానికి పొట్టకూడు, ఊరికి సొంత కళ రెండూ ఉండాలన్నచోట ఇద్దరి ఆలోచనలూ ఒకటే. ఒకరు అది పుస్తకంలో రాశారు, మరొకరు ఇసుకలో పాకలు వేయించి చూపారు. జైలుకు వెళ్ళి, పేదరికంలో క్షయవ్యాధితో గోపాలకృష్ణయ్య 1928లో కన్నుమూశారు.

మ్యూజియంలో ముప్ఫై ఏళ్ళు

కుమారస్వామి బోస్టన్‌లోనే ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. శివతాండవం అనే వ్యాససంపుటి 1918లో, భారత-ఇండొనేసియా కళాచరిత్ర 1927లో వెలువడ్డాయి. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం చెక్కిన ఆంధ్ర శిల్పులకు ఆ చరిత్రలో తగిన చోటు ఇచ్చారు. బుద్ధ విగ్రహం గ్రీకుల నుంచి మనకు వచ్చిందన్న పాశ్చాత్య పండితుల వాదాన్ని ఎదుర్కొని, అది మన శిల్పుల సొంతమని వాదించారు.

ఫొటో మీద మమకారం ఆయనను విడువలేదు. తాను ఫొటోలు తీసేవారు. అమెరికాలో ప్రసిద్ధ ఫొటోగ్రాఫరు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఆయన మిత్రుడు. ఫొటో అంటే యంత్రం పని, కళ కాదని పెద్ద మ్యూజియాలు గుమ్మం దాటనివ్వని రోజుల్లో, 1924లో స్టీగ్లిట్జ్ చిత్రాలు 27 బోస్టన్ మ్యూజియంలో చేరేలా కుమారస్వామి చేశారు. ఆయన చివరి భార్య లూయిసా కూడా ఫొటోగ్రాఫరే.

ఆయన అభిప్రాయాలన్నిటినీ అందరూ ఒప్పుకోలేదు. పాత గ్రామజీవనాన్ని, కులవృత్తి కట్టుబాటును ఆయన మరీ పొగిడారని, ఆ కట్టుబాటు కింద నలిగినవారి బాధ చూడలేదని విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. పొలం ఇచ్చి పని చేయించుకున్న రాజు, పని మానేస్తే ఆ పొలం లాక్కునేవాడు కూడా. కొడుక్కి తండ్రి పని తప్ప మరోటి నేర్చే దారి ఉండేది కాదు.

అయినా ఒక మాట మీద ఆయన చివరిదాకా నిలబడ్డారు. మ్యూజియంలో జీతం తీసుకుంటూనే, అద్దాల బీరువా చేతిపనికి ఇల్లు కాదని 1941 తర్వాతి రచనల్లో వాదించారు. చెంబు నీళ్ళు తాగడానికి, చీర కట్టుకోవడానికి, విగ్రహం పూజించడానికి చేసినవి. వాడేవాడు లేకపోతే చేసేవాడు ఉండడు. చేసేవాడు పోయాక మిగిలేదే మ్యూజియం.

1947 ఆగస్టు 15న భారతదేశం స్వతంత్రమైంది. సరిగ్గా వారానికి, ఆగస్టు 22న ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండాయి. బోస్టన్‌లో మిత్రులు చేసిన సన్మానంలో, ఉద్యోగం వదిలి భారతదేశానికి వచ్చి శేషజీవితం గడుపుతానని ప్రకటించారు. ఆ ప్రయాణం సాగలేదు. 1947 సెప్టెంబరు 9న బోస్టన్ దగ్గరి నీధమ్‌లో తన ఇంట్లోనే మరణించారు. ఓడ ఎక్కకుండానే పోయిన తండ్రి లాగే కొడుకూ అనుకున్న ప్రయాణం చేయకుండానే వెళ్ళిపోయారు.

ఆయన కొలతలు రాసి పెట్టిన ఆ ఉక్కు కొలిమి సంగతి ఈనాటి పరిశోధకులు ఆయన రాతలోనే వెదుక్కోవలసి వస్తోంది. అడిగి రాసుకున్నవాడు ఒకడు ఉన్నందున ఆ విద్య పేరైనా మిగిలింది. చీరాల వైపు పడుగు తోడడం, పేక చుట్టడం, నాడె ఆడించడం చేతికి వచ్చిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పనిముట్ల పేర్లు, రంగుల కొలతలు, పాత అంచుల పేర్లు అడిగి రాసుకోవడానికి సముద్రాలు దాటి ఎవరో రానక్కరలేదు. ఆ ఇంటి చదువుకున్న పిల్లలు చాలు.